ఆగకుండా తిరిగే బంతి బొమ్మ: పనితనం బాగుంది, పెట్టె మీద రాతే అబద్ధం

టేబుల్ మీద పెట్టుకునే బొమ్మ. పైన చిన్న చెక్క పళ్లెం, దాని మధ్యలో కన్నం, కింద రెండు స్టీలు పట్టాలు. స్టీలు బంతి కన్నంలోంచి జారి పట్టాల మీద సర్రున దిగి, చివర ఎగిరి మళ్లీ పళ్లెంలోనే పడుతుంది. చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు. పట్టాల వంపు, చెక్క నునుపు, దేనికీ వంక పెట్టలేం.

గొడవంతా పెట్టె మీద రాతతోనే. 'ఏ శక్తీ అక్కర్లేదు, ఎప్పటికీ ఆగదు' అట! అడుగు మూత విప్పితే బ్యాటరీలు, రాగి తీగ చుట్టిన కాయిల్, బంతి రాకను కనిపెట్టే సెన్సార్ బయటపడ్డాయి. బంతి దగ్గరికొస్తుంటే కాయిల్ అయస్కాంతంలా మారి లాగుతుంది, దాటిపోయే లోపే ఆఫ్ అయిపోతుంది. ఆ అదనపు ఊపుతోనే బంతి పైకి లేస్తోంది. నమ్మకపోతే అదే సైజు గాజు గోళీ వేసి చూడండి, పళ్లెం అంచు కూడా అందుకోదు.

ఎందుకంటే దిగేటప్పుడు వచ్చిన శక్తి మొత్తం మళ్లీ అదే ఎత్తుకి ఎక్కడానికే సరిపోతుంది, చిల్లిగవ్వ మిగలదు. ఇదే థర్మోడైనమిక్స్ (వేడి, శక్తుల శాస్త్రం) మొదటి నియమం. పైగా ఆ గరగర చప్పుడు ఉందే, అది కూడా బంతి శక్తిలోంచి పోతున్నదే, రాపిడికి పుట్టే వేడీ అంతే. రౌండుకి 10 శాతం పోతుందనుకున్నా 7 రౌండ్లయ్యేసరికి సగం కూడా ఉండదు. పోనీ ఆ వేడినే పోగేసి మళ్లీ బంతిని తోయిద్దామంటే రెండో నియమం అడ్డొస్తుంది: గాలిలో కలిసిపోయిన వేడిని, అంతకంటే చల్లనిది పక్కన లేకుండా, తిరిగి తిరిగి పనిగా మార్చే యంత్రం ఏదీ ఉండదు.

ఆగకుండా తిరిగే యంత్రం మీద ఈ ఆశ కొత్తదేం కాదు లెండి. పాదరసం పోసిన ఆకులతో (చువ్వలతో) దానంతటదే తిరిగే చక్రం గురించి భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే రాశాడు. ఇలాంటి ప్రతిపాదనలు ఇక పరిశీలించబోమని పారిస్ సైన్స్ అకాడమీ 1775లో తేల్చి చెప్పేసింది, వేడి కూడా శక్తేనని ప్రయోగాలతో చూపిన జౌల్ అప్పటికి ఇంకా పుట్టనేలేదు!

బ్యాటరీలు నీరసిస్తే బంతి పళ్లెం దాకా రాక టేబుల్ కిందికి దొర్లిపోతుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది జాగ్రత్త. కాయిల్ కనిపించేలా గాజు మూత పెట్టి, ఎలా పనిచేస్తుందో పెట్టె మీద రాసి ఉంటే 5 స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి 3.