చెస్ట్ వేడర్స్ రివ్యూ: నెవాడా వాగుల్లో ఒక సీజన్ వాడాక

సరదాగా చేపలు పట్టడానికి వేడర్స్ కొనేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది కానీ, ముఖ్యంగా అమెరికాలో ప్రభుత్వ భూముల మీద వైల్డ్‌లైఫ్, ఫిషరీస్ ఫీల్డ్ ఇంటర్న్‌గా చేరబోతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఆఫర్ రాగానే అందరూ హైకింగ్ బూట్ల గురించీ టెంట్ గురించీ అడుగుతారు. వేడర్స్ సంగతి ఎవరూ అడగరు, అవి ఆఫీసే ఇస్తుంది కదా అని వదిలేస్తారు. నేనూ అలాగే వదిలేసి మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాను.

తెలియనివాళ్లకి చెప్తున్నా, వేడర్స్ అంటే ఛాతీ దాకా వచ్చే, నీళ్లు లోపలికి రాని ప్యాంటు. భుజాల మీద పట్టీలు, నడుముకి బెల్టు ఉంటాయి. కింద పాదాలకి మందపాటి నియోప్రీన్ (స్పాంజి లాంటి రబ్బరు) సాక్సులు కలిసే వస్తాయి, వాటి మీద వేడింగ్ బూట్లు విడిగా వేసుకోవాలి. బూట్లు కూడా అతికే వచ్చే రకం ఒకటుంది. వేసుకోవడం తేలిక, కానీ రోజంతా వాగు వెంబడి నడిచే పనికి అది అస్సలు వద్దు, మడమ లోపల కదులుతూ బొబ్బలెక్కిపోతుంది.

నేను పనిచేసింది నెవాడా ఈశాన్య మూలన, హంబోల్ట్ నదిలో కలిసే చిన్న వాగుల మీద. నెవాడాలో మూడింట రెండొంతుల నేల ప్రభుత్వ భూముల్ని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కిందే ఉంటుంది, దాదాపు 4.8 కోట్ల ఎకరాలు. ఎటు చూసినా సేజ్ పొదలే, మధ్యలో ఎక్కడో విల్లో చెట్ల గుబురు కనిపిస్తే అక్కడ నీళ్లున్నట్టు. వసంతంలో తెల్లవారకముందే వెళ్లి సేజ్ గ్రౌస్ పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లం, ఆ పనికి వేడర్స్ అక్కర్లేదు, వెచ్చటి జాకెట్ ఉంటే చాలు. వేసవి మొదలవగానే చేపల సర్వే. మేం వెతికేది లాహొంటన్ కట్‌త్రోట్ ట్రౌట్‌ని. దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది, ఆ పేరు దానివల్లే వచ్చింది. 1970లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో పెట్టారు, 1975లో ఒక మెట్టు కిందికి, ముప్పు ఉన్న జాతిగా మార్చారు, ఇప్పటికీ ఆ రక్షణలోనే ఉంది. 1925లో ఇదే రాష్ట్రంలోని పిరమిడ్ లేక్‌లో 41 పౌండ్ల చేప దొరికింది. మా వాగుల్లో దొరికేవి అరచేతిలో పట్టేంతే. అయినా మొదటిసారి కొలత పలక మీద ఒకదాన్ని పెట్టి, తోక చివర ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆగిందో గట్టిగా చదివి చెప్పినప్పుడు నా గొంతు వణికింది.

ఇప్పుడు వేడర్స్ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఈ సర్వే కరెంటుతో చేస్తారు. ఒకరు బ్యాటరీ ప్యాక్ వీపున తగిలించుకుంటారు, చేతిలో పొడవాటి కర్ర, దాని చివర లోహపు రింగు, వెనక నీళ్లలో తోకలా ఈడ్చుకుంటూ వచ్చే తీగ. మీట నొక్కితే నీళ్లలో కరెంటు పాకుతుంది, దగ్గర్లో ఉన్న చేపలు రింగు వైపు తిరిగి వచ్చి మత్తుగా పక్కకి వాలతాయి, నెట్ పట్టుకున్న మేం వెంటనే తీసి బకెట్‌లో వెయ్యాలి. మీట మీద నుంచి వేలు తీస్తే కరెంటు ఆగుతుంది, మనిషి పడిపోయి ప్యాక్ ఒరిగినా ఆగుతుంది. ఇన్ని జాగ్రత్తలున్నా, ఆ నీటికీ నా కాళ్లకీ మధ్య ఉన్నది వేడర్స్ ఒక్కటే, చేతులకైతే రబ్బరు గ్లవ్స్.

ఆఫీసులో నాకిచ్చింది పాత జత, మగవాళ్ల లార్జ్ సైజు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. కాళ్ల దగ్గర గుడ్డంతా మడతలు పడి, ఒక మోకాలి గుడ్డ రెండోదానికి రాసుకుని, అప్పటికే పలచబడిన కుట్టు దగ్గర తడి రావడం మొదలైంది. చెప్తే, సీజన్ మధ్యలో కొత్తవి రావు, టేపు వేసుకో అన్నారు. వేసుకున్నాను. నాలుగో రోజు ఒక గుంట దగ్గర నెట్ చాచి వంగేసరికి తొడ లోపలి వైపు జివ్వుమంది. పెద్ద షాక్ కాదు, చీమల బారు ఒక్కసారిగా పాకినట్టు. అరిచాను, కర్ర పట్టుకున్న అతను వెంటనే వేలు తీసేశాడు. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి బంక్‌హౌస్‌లో నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. కారే వేడర్స్‌తో కరెంటు నీళ్లలోకి దిగను అని చెప్పే హక్కు ఇంటర్న్‌కి కూడా ఉంటుంది, మొదటి రోజే చెప్పండి. నేను చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది, అదే నా తప్పు.

ఆ వారాంతం సొంతంగా ఒక జత కొన్నాను, ఆడవాళ్ల సైజు, పొట్టి కాళ్ల కొలత, గాలి ఆడే రకం. బూట్లతో కలిపి స్టైపెండ్‌లో పెద్ద ముక్కే పోయింది. బ్రాండ్ పేరు రాయడం లేదు, మోడళ్లు ఏటా మారుతుంటాయి, చూసుకోవాల్సింది వేరే. మోకాళ్ల దగ్గర, పిరుదుల దగ్గర గుడ్డ రెండు పొరలుగా ఉందా, సరిగ్గా కాళ్ల మధ్యన కుట్టు రాకుండా పక్కకి తిప్పారా, బెల్టు గట్టిగా బిగుస్తుందా. బెల్టు విషయం తేలిగ్గా తీసుకోకండి, పడిపోతే నీళ్లు ఒక్కసారిగా కాళ్లలోకి దిగకుండా ఆపేది అదే. షాపులో వేసుకుని గొంతుక్కూర్చుని చూడండి, మోకాలు మడిచినప్పుడు పట్టేసినట్టుంటే ఆ సైజు వదిలెయ్యండి. మొత్తం నియోప్రీన్‌తో చేసినవి చల్లని నీళ్లకి బాగుంటాయి గానీ, జూలైలో ఎండలో కారు నుంచి వాగు దాకా నడిచేసరికి లోపల చెమటతోనే తడిసిపోతాం.

కొన్నవి బాగా పనిచేశాయి, సీజన్ అంతా. చిరిగింది మాత్రం నీళ్లలో కాదు, కంచెల దగ్గర. ఈ భూముల్లో పశువులు మేస్తాయి కాబట్టి ప్రతి వాగుకీ ముళ్ల తీగ అడ్డం వస్తుంది, దానికి తోడు ఒడ్డున అడవి గులాబీ ముళ్లు. కంచె దాటేముందు వేడర్స్ విప్పి చేతిలో పట్టుకుని దాటడం రెండు చిరుగుల తర్వాత అలవాటైంది. సన్నని చిల్లులు మాత్రం కంటికి కనపడవు. వాటికి మా టీమ్‌లో ఒకమ్మాయి చూపించిన పద్ధతి చెప్తాను, గోర్‌టెక్స్ లాంటి, గాలి ఆడుతూనే నీళ్లు ఆపే పొర ఉన్న వాటికి భలే పనిచేస్తుంది. వేడర్స్‌ని లోపలి వైపు బయటికి తిప్పి, మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ స్ప్రే చెయ్యాలి. గుడ్డంతా ఒకే రంగులో ఉంటుంది, చిల్లు ఉన్నచోట మాత్రం చిన్న నల్లటి మచ్చ తేలుతుంది, సూది మొనంత చిల్లయినా సరే. వంటగది బల్ల మీద పరిచి చూస్తే ఎడమ మోకాలి కింద మూడు మచ్చలు తేలాయి. వెంటనే పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టుకోవాలి, ఆల్కహాల్ ఆరితే మచ్చలూ పోతాయి. తర్వాత ఆక్వాసీల్ జిగురు పలచగా రాసి రాత్రంతా ఆరనిచ్చాను. అవి మళ్లీ కారలేదు.

బూట్ల సంగతి. ఫెల్ట్ సోల్, అంటే అడుగున ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ ఉన్నవి, కొనకండి. పాచి పట్టిన రాళ్ల మీద అదే బాగా పట్టు ఇస్తుంది, ఒప్పుకుంటాను, కానీ ఆ ఫెల్ట్ నెమ్మదిగా ఆరుతుంది, దాని పోగుల్లో న్యూజిలాండ్ మడ్‌స్నెయిల్ లాంటివి దాక్కుని ఒక వాగు నుంచి ఇంకో వాగుకి వెళ్తాయి. ఈ నత్త పశ్చిమ అమెరికాలో మొదట 1987లో ఐడహోలోని స్నేక్ నదిలో బయటపడింది. పెద్దదైనా ఐదారు మిల్లీమీటర్లే, పైగా మగది లేకుండానే పిల్లల్ని పెడుతుంది, అంటే ఒక్కటి చాలు. యెల్లోస్టోన్ పార్కులో 2018 నుంచి ఫెల్ట్ సోల్స్ నిషేధం. రబ్బరు సోల్ తీసుకుని చేతికర్రతో నడవండి. వాగు మారే ప్రతిసారీ బూట్ల లేసులు విప్పి, నాలుక కింద దాకా బ్రష్‌తో తోమి, రాత్రికి ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లం, ఎక్కువ గంటలు గడ్డకట్టే చలిలో ఉంటే ఆ నత్తలు చచ్చిపోతాయి. విసుగొచ్చే పనే. కానీ ఆ ట్రౌట్ మిగిలి ఉన్నది కొన్ని వాగుల్లోనే, మన బూటు లేసుతో వాటికి కొత్త కష్టం తీసుకెళ్లకూడదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, సాక్సు దగ్గర అతుకు ఆగస్టులో కొద్దిగా ఊడింది, దానికీ ఆక్వాసీలే రాయాల్సి వచ్చింది. చేరేముందు ఒక ఈమెయిల్ పెట్టి అడగండి: నా సైజు వేడర్స్ ఉన్నాయా, వాటికి లీక్ టెస్ట్ ఎప్పుడు చేశారు, లేకపోతే కొనుక్కోవడానికి డబ్బు ఇస్తారా. ఇంకో మాట, ఇలాంటి చాలా ఇంటర్న్‌షిప్‌లకి సిటిజన్ అయినా గ్రీన్ కార్డు అయినా ఉండాలని అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అప్లై చేసేముందే ఆ నిబంధన చదవండి, వేడర్స్ ఆ తర్వాత కొనొచ్చు.