ఆరేళ్ళు దుప్పుల వెంట తిరిగాక 150-600 లెన్స్ గురించి

ఈ 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌ను (దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపేది, అంకె పెరిగేకొద్దీ ఇంకా దగ్గరగా) 2019 జనవరిలో 56 వేలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పక్షుల ఫొటోలు తీయడం మానేసిన ఒకాయన హన్మకొండలో అమ్ముతున్నాడని తెలిసి, రెండుసార్లు వెళ్ళి చూసి మరీ తీసుకున్నాను. కెమెరా నా పాతదే, 24 మెగాపిక్సెల్స్ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్). అప్పటి నుంచి సెలవు దొరికితే తాడ్వాయి లేదా పాకాల అడవులకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు జన్నారం అడవికి. ఈ ఆరేళ్ళలో నేను దీంతో తీసినవాటిలో ముప్పావు వంతు దుప్పులే ఉంటాయి.

కొనేముందు నేనూ చాలా సమీక్షలు చదివాను. అన్నీ కొన్న వారం పది రోజుల్లో రాసినవే. మూలలు షార్ప్‌గా ఉన్నాయా, రంగుల అంచులు కనబడుతున్నాయా అని చూపిస్తారు. టేకు చెట్ల కింద పొద్దు పొడవకముందు దుప్పి నిలబడితే ఈ లెన్స్ ఏం చేస్తుందో, ఐదు వానకాలాలు గడిచాక దీని లోపల ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా.

ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు. ఈ కొలతలో ఒకటికి మించి కంపెనీలు లెన్సులు చేస్తున్నాయి. వాటిలో తేలిక రకాలన్నీ ఇంచుమించు రెండు కిలోలు ఉంటాయి, ముందు అద్దానికి 95 మిల్లీమీటర్ల ఫిల్టర్ పడుతుంది, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది) 150 దగ్గర 5, 600 దగ్గర 6.3. నేను చెప్పేదంతా ఈ పొడవు, ఈ బరువు, ఈ 6.3 గురించే కాబట్టి మీ దగ్గర ఏది ఉన్నా పనికొస్తుంది.

ముందు వెలుతురు సంగతి. దుప్పులు మేతకు బయటికొచ్చేది తెల్లవారుతూనే, మళ్ళీ పొద్దు వాలే వేళ. సరిగ్గా ఆ రెండు పూటలా ఈ లెన్స్ ఇబ్బంది పెడుతుంది. 400 అటూ ఇటూ దాటగానే అపర్చర్ 6.3కి పడిపోతుంది. డిసెంబర్‌లో పొద్దున ఏడింటికి తాడ్వాయి అడవిలో, మంచు ఇంకా చెట్ల మధ్యే ఉన్నప్పుడు, నాకు దొరికేది ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 6400 పెడితే షట్టర్ 1/250 సెకను. దుప్పి తల ఎత్తి మనవైపు చూస్తూ బొమ్మలా నిలబడితే అది చాలు, కానీ చెవి విదిలిస్తే చెవి చెదిరిపోతుంది, నడుస్తుంటే కాళ్ళు చెదిరిపోతాయి. స్టెబిలైజర్ ఉంది కదా అంటారు, అది నా చేతి వణుకును ఆపుతుంది గానీ దుప్పి కదలికను ఆపలేదు. ఇది అర్థం కావడానికి నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. అపర్చర్ 4 ఉన్న 600 లెన్స్‌లో ఇంతకు రెండున్నర రెట్లు వెలుతురు వస్తుంది, కానీ దాని ధరకు కొత్త కారు వస్తుంది, అది నాకు అయ్యే పని కాదు. కాబట్టి నేను చేసేది ఒక్కటే, అది కదలకుండా ఆగే క్షణం కోసం చూడటం. మేస్తూ మేస్తూ దుప్పి ఉన్నట్టుండి తల ఎత్తుతుంది, రెండు మూడు సెకన్లు అలాగే ఉంటుంది. అప్పుడే నాలుగైదు ఫ్రేములు.

ఎండ పడ్డాక ఇంకో సమస్య వస్తుంది. దుప్పి ఒంటి మీద తెల్ల చుక్కలు పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఉంటాయి కదా, ఆ చుక్కల మీద నేరుగా ఎండ పడితే అవి తెల్ల కాగితం ముక్కల్లా కాలిపోతాయి, తర్వాత కంప్యూటర్‌లో ఎంత లాగినా వెంట్రుక కనబడదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 పెట్టుకోండి. నీడలు నల్లబడినా రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైల్‌లో) పైకి తేవచ్చు.

ఇక అసలు విషయం, 600. నేను ఈ లెన్స్ కొన్నదే 600 కోసం. మొదటి మూడేళ్ళు జూమ్ రింగు చివరిదాకా తిప్పి అక్కడే ఉంచేవాణ్ణి. చిన్న లెక్క చెబుతాను. క్రాప్ కెమెరాకు పెట్టి, 30 మీటర్ల దూరంలో ఉన్న జంతువును 600 దగ్గర చూస్తే ఫ్రేము వెడల్పు మీటరుంపావు కూడా ఉండదు, ఎత్తు ముప్పావు మీటరు. పోతు దుప్పి భుజం దగ్గరే దాదాపు మూడడుగులు ఉంటుంది, ఇక కొమ్ములు ఎక్కడ పడతాయి? ఫోకస్‌లో ఉండే లోతు కూడా రెండడుగులే. అంటే కన్ను, ముక్కు, మెడ స్పష్టంగా వస్తాయి, వెనక అడవంతా ఆకుపచ్చ పొగలా అయిపోతుంది. అలాంటి తలకాయలు నా హార్డ్ డిస్క్‌లో వేలున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ ఒకదానికి ఇంకోదానికి తేడా లేదు. హన్మకొండ హంటర్ రోడ్డులో కాకతీయ జూ పార్కుకు వెళ్ళి అక్కడి జింకను తీసినా అలాగే వస్తుంది. నిజానికి నేను ఫోకస్ ప్రాక్టీస్ చేసింది అక్కడే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇప్పటికీ అదే చెబుతాను.

ఒకసారి అలా తీసినవాటిలో మంచివి ప్రింట్ వేయించి, తాడ్వాయి వైపు అడవిలో కాపలా ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. పుట్టి పెరిగింది అక్కడే. ఒక్కో ఫొటో నిదానంగా చూసి, "సారూ, దుప్పి మంచిగనే ఉన్నది గని అడవేది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి అన్నీ మళ్ళీ చూశాను. ఏ ఒక్కదాంట్లోనూ అది ఏ చెట్టు కింద ఉందో, ఏం తింటుందో, ఏ నెలో తెలియదు.

ఆ తర్వాత 2022 మార్చిలో ఒక పొద్దున. అనుమతి ఉన్న దారి పక్కనే కారు ఆపి, ఇంజిన్ ఆపేసి కూర్చున్నాను. నలభై మీటర్ల దూరంలో ఇప్పచెట్టు, కింద పద్నాలుగు దుప్పులు. పైన కొమ్మల్లో కొండముచ్చులు పూలు తింటూ సగం తిని సగం రాలుస్తున్నాయి. మీరు చూసే ఉంటారు, ఈ రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి, పైనుంచి రాలింది కింద దుప్పులు తింటాయి, పైవాటికి దూరం కనబడుతుంది, కిందివాటికి వాసన తెలుస్తుంది, ఏది ముందు పసిగట్టినా అరుస్తుంది, రెండో మంద కూడా జాగ్రత్త పడుతుంది. నేను మామూలుగానే 600 దగ్గర మొహాలు తీస్తున్నా. ఒక పోతు కొమ్ముల మీద ఇంకా మఖమల్ లాంటి చర్మం ఉంది, వెనక నుంచి పడే ఎండలో ఆ నూగు మెరుస్తోంది, దాన్ని తీశాను. మంద ఎటు కదులుతుందో చూద్దామని జూమ్ వెనక్కి, 180 దాకా తిప్పాను. అప్పుడు కనబడింది మొత్తం. నేలంతా లేత పసుపు ఇప్పపూలు, చెట్టు మాను మీద పక్కనుంచి పడుతున్న ఎండ, పైన కొమ్మ నుంచి వేలాడుతున్న కొండముచ్చు తోక, దాని కిందే ఒక ఆడ దుప్పి మూతి పైకెత్తి ఉంది, కింది పెదవికి ఒక పువ్వు అంటుకుని ఉంది. మూడే ఫ్రేములు. రెండో దాంట్లో పువ్వు ఉంది, మూడో దానికి మింగేసింది. ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో ఉన్నది ఆ ఫొటోనే. పెద్దాయనకు ఒక ప్రింట్ ఇచ్చాను. ఈసారి ఆయన ఇప్పచెట్టును చూసి ఏ చోటో కూడా చెప్పాడు.

అప్పటి నుంచి నేను ఎక్కువగా వాడేది 150 నుంచి 300 మధ్య. 180 దగ్గర అపర్చర్ కూడా 5 చిల్లర ఉంటుంది, కాబట్టి పొద్దున వెలుతురు కూడా కొంచెం ఎక్కువ దొరుకుతుంది. మరి 600 దండగా అంటే కాదు. కణుజు (సాంబార్ జింక) చాలా పిరికిది, పగలు పొదల్లోంచి బయటికే రాదు, దొరికినప్పుడు దూరం నుంచే దొరుకుతుంది. పాకాల చెరువు అవతలి గట్టుకు ఎండాకాలం నీళ్ళకు దిగే మందను తీయాలన్నా అంతే, కాకతీయుల నాటి ఆ చెరువు చిన్నదేమీ కాదు. చెన్నూరు వైపు ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలైతే అవి బయళ్ళలో తిరిగేవి, మనం రాకముందే చూస్తాయి, అక్కడ 600 లేకుండా పని జరగదు. అన్నట్టు మనం అన్నిటినీ జింకలే అంటాం గానీ, దుప్పి కొమ్ములు రాలి మళ్ళీ కొత్తవి మొలుస్తాయి, కృష్ణజింక కొమ్ములు ఎప్పటికీ రాలవు. అందుకే కొమ్ములు రాలిన పోతు దుప్పి ఫొటో పెడితే కొందరు ఆడదనుకుంటారు.

లెన్స్ షార్ప్‌గా లేదని చాలామంది తిట్టుకునేది ఎండాకాలంలోనే. మార్చి నుంచి మన దగ్గర తొమ్మిది దాటితే నేల మీది నుంచి వేడి లేస్తుంది, మధ్యలో గాలి అలలు అలలుగా కదులుతుంది, 600 దగ్గర అది ఇంకా పెద్దగా కనబడుతుంది. ఎన్ని వేల షట్టర్ పెట్టినా వెంట్రుక రాదు. నేనూ లెన్స్ పాడైందనుకొని వారం రోజులు టెన్షన్ పడ్డాను. అదే చోట పొద్దున ఆరున్నరకు తీసి చూశాక తెలిసింది. ఎండాకాలం తొమ్మిదికి బ్యాగ్‌లో పెట్టేయండి.

బరువు గురించి. రెండు కిలోలు, కెమెరాతో కలిపి మూడు. పది నిమిషాలు చేత్తో పట్టుకోవచ్చు, దుప్పి తల ఎత్తేదాకా అరగంట పట్టుకోలేం. ట్రైపాడ్ కారులో పనికిరాదు. నేను పాత జీన్స్ కాలు కోయించి, టైలర్ దగ్గర రెండు అరల సంచి కుట్టించి, మక్కలు (మొక్కజొన్న గింజలు) పోసి కారు కిటికీ మీద వేసుకుంటాను. ఇన్నేళ్ళలో లెన్స్ తర్వాత నాకు బాగా పనికొచ్చిన వస్తువు అదే. వానకాలం ముందు మక్కలు తీసేసి ఎండబెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది.

ఆరేళ్ళలో ఏం పాడైందంటే, జూమ్ తిప్పినప్పుడు ఈ లెన్స్ ముందుకు సాగుతుంది, సాగినప్పుడల్లా గాలితో పాటు దుమ్ము లోపలికి పోతుంది. వేసవిలో అడవి దారుల ఎర్ర దుమ్ము మీకు తెలిసిందే. లోపల ఇప్పుడు చుక్కలు చుక్కలుగా దుమ్ము కనబడుతుంది, కానీ ఫొటోల్లో దాని ప్రభావం నాకు ఎక్కడా కనబడలేదు. కిందికి వంచితే జూమ్ దానంతటదే జారుతుంది, అందుకే నడిచేటప్పుడు లాక్ వేసే ఉంచుతాను. 2021లో స్టెబిలైజర్ గరగరమని శబ్దం చేస్తూ ఆగిపోయింది. ఒక సర్వీస్ సెంటర్‌కు పంపితే నలభై రోజులు పెట్టుకుని, డబ్బులు తీసుకుని, కాలర్ (లెన్స్‌ను పట్టి ఉంచే పట్టీ) స్క్రూ వదులుగానే తిరిగి పంపారు. నేను చూసుకోకుండా భుజాన వేసుకుని ఉంటే లెన్స్ నేలపాలయ్యేది. సర్వీస్ నుంచి వచ్చాక ప్రతి స్క్రూ ఒకసారి బిగించి చూడండి. ఫంగస్ మాత్రం రాలేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచుతాను, వానకాలంలో జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వేస్తాను.

ఒక తప్పు చెప్పాలి. 2020లో పాకాల దగ్గర, బాగా పడుతుందని కారు దిగి పది అడుగులు ముందుకు నడిచాను. గాలి నా వెనక నుంచి వాటివైపు వీస్తోంది, అది చూసుకోలేదు. ఒక ఆడ దుప్పి ముందుకాలితో నేలను రెండుసార్లు తన్నింది, తోక పైకి లేచింది, ఒక్క అరుపు, అంతే, మందంతా పరుగు. ఒక చిన్న పిల్ల తల్లి ఎటు పోయిందో తెలియక అవతలివైపు పరిగెత్తింది. కలిసిందో లేదో చూడటానికి గంట ఉన్నాను, కనబడలేదు. ఊరకుక్కలు తిరిగే చోటు అది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు దుప్పి కాలు తన్నిందంటే కెమెరా దించి, కదలకుండా కూర్చుంటాను, అది మళ్ళీ తల దించి మేస్తేనే తీస్తాను. అసలు ఇంత పొడవు లెన్స్ దగ్గరున్నప్పుడు కారు దిగాల్సిన అవసరమే లేదు.

ఫొటో ఎక్కడ తీశానో చోటు, టైము పెట్టను, ఫైల్‌లోంచి లొకేషన్ తీసేస్తాను, ఒకటి రెండు నెలలు ఆగి పెడతాను. ఉచ్చులు వేసేవాళ్ళు, నీళ్ళకు వచ్చే దారిలో కరెంటు తీగలు పెట్టేవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు, మన ఫొటో వాళ్ళకు దారి చూపకూడదు. దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళొద్దు, అడిగితే అటవీ శాఖ వాళ్ళే ఏ దారిలో వెళ్ళొచ్చో చెబుతారు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఇవి చూడండి. ముందు అద్దం వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనబడితే అది ఫంగస్, వద్దు. చుక్కల్లాంటి దుమ్ముకు భయపడొద్దు, దాన్ని చూపించి రెండు మూడు వేలు తగ్గించమని అడగండి. స్టెబిలైజర్ ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకుని వినండి, మెల్లగా ఝుమ్మని ఉంటే సరే, గరగర ఉంటే వదిలేయండి. 600 దగ్గర ఒకటి, 180 దగ్గర ఒకటి, రెండు ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకుని పెద్ద స్క్రీన్ మీద చూశాకే డబ్బులు ఇవ్వండి. పొద్దున పూట తీయండి, మధ్యాహ్నం ఎండలో తీస్తే ఏ లెన్స్ సంగతీ తెలియదు.