పుయెర్తో వియెహో: 13 కిలోమీటర్ల రోడ్డులో ఎక్కడ దిగాలి?

కోస్టారికా ట్రిప్ అంటే అరెనాల్ అగ్నిపర్వతం, మాన్యుయెల్ ఆంటోనియో బీచ్, మళ్లీ సాన్ హోసే ఎయిర్‌పోర్ట్. అమెరికాలో ఉన్న మనవాళ్ల ప్లాన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. దేశానికి అవతలి ఒడ్డు, అంటే కరీబియన్ వైపు, ప్లాన్‌లోకే రాదు. ఆ ఒడ్డున, పనామా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చిన్న ఊరు పుయెర్తో వియెహో. ఊరి మధ్యభాగమంతా అరగంటలో నడిచేయొచ్చు. ఊరికన్నా ముఖ్యమైనది అక్కణ్ణుంచి సముద్రం పక్కనే సాగే 13 కిలోమీటర్ల రోడ్డు. కోక్లెస్, ప్లాయా చికీటా, పుంటా ఊవా వరుసగా తగులుతాయి. మాన్సనీయో దగ్గర రోడ్డు అయిపోతుంది, అడవి మొదలవుతుంది. ఈ రోడ్డులో ఎక్కడ గది తీసుకున్నారన్నదాన్ని బట్టే ట్రిప్ హాయిగా సాగుతుందా, టాక్సీల కోసం ఎదురుచూడటంతో సరిపోతుందా అన్నది తేలుతుంది.

ముందుగా ఏ నెలలో వెళ్లాలన్న సంగతి. కోస్టారికాలో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలమని ఎక్కడ చూసినా రాస్తారు. అది పసిఫిక్ వైపు లెక్క. కరీబియన్ వైపు ఆ లెక్క పనిచేయదు. ఈ ఒడ్డున ఉన్న లిమోన్ రాష్ట్రపు తీరంలో డిసెంబర్, జూలై బాగా తడిసే నెలలు. నవంబర్ కూడా నమ్మదగింది కాదు. కాబట్టి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఇక్కడికి వస్తే రోజుల తరబడి ముసురు పట్టే అవకాశం ఎక్కువ. దేశంలో మిగతా చోట్ల కుండపోతగా కురిసే సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇక్కడ సముద్రం అద్దంలా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి కూడా ఫర్వాలేదు. స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ల అడుగును చూడటం) చేయాలనుకుంటే మాత్రం సెప్టెంబర్, అక్టోబర్ తప్ప వేరే నెల గురించి ఆలోచించొద్దు. మిగతా కాలంలో కెరటాలు నీళ్లను కలిపేస్తాయి, కింద ఏమీ కనిపించదు.

చేరుకోవడం దగ్గర మొదటి చిక్కు పేరుతోనే. కోస్టారికాలో రెండు పుయెర్తో వియెహోలున్నాయి. ఒకటి సరపికీలో, సముద్రానికి దూరంగా. మనకు కావాల్సింది పుయెర్తో వియెహో దె తలమంకా. బస్సు టికెట్, షటిల్ బుకింగ్, గూగుల్ మ్యాప్ అన్నింటిలోనూ తలమంకా అన్న మాట ఉందో లేదో చూసుకోండి. సాన్ హోసేలో అన్ని బస్సులకూ కలిపి ఒకే బస్టాండ్ లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో చోట. తలమంకా వైపు బస్సులు నడిపేది మెపే. టాక్సీ ఎక్కగానే ఆ పేరు చెప్పండి. ప్రయాణం అయిదు గంటలదాకా పడుతుంది. పెద్ద బ్యాగు కింది డిక్కీలో వేసినా పాస్‌పోర్టు, డబ్బు, ఫోను ఒళ్లోనే ఉండాలి. సరిహద్దు దగ్గర కావడంతో దారిలో పోలీసులు ఆపి కాగితాలు అడగొచ్చు.

కారులో వెళ్లినా దారి అదే, 32వ నంబరు హైవే. సాన్ హోసే దాటాక బ్రౌలియో కరీయో నేషనల్ పార్కు కొండల గుండా వెళ్తుంది. గట్టి వాన పడితే కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తారు. లిమోన్ రేవుకు వెళ్లే కంటైనర్ లారీలన్నీ ఈ దారినే కాబట్టి ఒకసారి ఆగితే బారు మామూలుగా ఉండదు. ప్రత్యామ్నాయం తురియాల్బా మీదుగా పోయే 10వ నంబరు రోడ్డు. మలుపులెక్కువ, టైమూ ఎక్కువే. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే పెద్దగా పోయేదేం లేదు. తిరుగు ప్రయాణమే కీలకం. ఫ్లైట్ రోజున పొద్దున్నే ఇక్కడ బయల్దేరి మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు చేరతామనుకోవద్దు. ముందురోజు రాత్రికే సాన్ హోసే చేరిపోవాలి. పొగమంచు వల్ల చీకట్లో కొండల మీద డ్రైవింగ్ కూడా వద్దు. అద్దెకారు విషయంలో ఇంకొకటి: ఆన్‌లైన్‌లో కనిపించే చవక ధరలో ఇక్కడ తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చాలాసార్లు కలిసి ఉండదు. కౌంటర్ దగ్గరికెళ్లాక బిల్లు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. నలుగురైదుగురున్న కుటుంబానికి కారు, ఇద్దరికైతే షేర్డ్ షటిల్ వ్యాను, ఒంటరిగా వెళ్తే బస్సు నయం.

ఇక గది. ఊరి మధ్యలో దిగితే కిరాణా, ఏటీఎం, హోటళ్లు, బస్సు అన్నీ నడక దూరంలోనే. కానీ శుక్ర, శనివారాల్లో బార్ల పాటలు అర్ధరాత్రి దాటినా ఆగవు. సరదా కోసం వెళ్లే కుర్రాళ్లకు సరే, పసిపిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకు సరిపడదు. ఊరికి ఇవతల, ఉత్తరాన ఉన్న ప్లాయా నెగ్రా వైపు ప్రశాంతం. ఇసుక నల్లగా ఉంటుంది, ఊళ్లోకి నడిచి వెళ్లొచ్చు. కోక్లెస్ ఊరికి సుమారు 2 కిలోమీటర్లు. హోటళ్లు, సర్ఫింగ్ నేర్పేవాళ్లు, లైఫ్‌గార్డులు ఉన్న చోటు కాబట్టి మొదటిసారి వచ్చేవాళ్లకు అన్నిరకాలా అనువైనది. ప్లాయా చికీటా, పుంటా ఊవా అడవిలో కలిసిపోయి ఉంటాయి. పక్షులు, కోతులు, చెట్లకు వేలాడుతూ నెమ్మదిగా కదిలే స్లాత్‌లు గది వరండాలోంచే కనిపిస్తాయి. కాకపోతే పాల ప్యాకెట్‌కైనా సైకిల్ తీయాలి. మాన్సనీయోలో దిగడం వంట సొంతంగా చేసుకునేవాళ్లకు, సొంత కారున్నవాళ్లకు మాత్రమే.

బుక్ చేసేముందు ఫోటోల్లో స్విమ్మింగ్ పూల్ వెతక్కండి, కిటికీలు చూడండి. ఇక్కడ చాలా గదులకు అద్దాలుండవు, దోమల జాలీ మాత్రమే ఉంటుంది. గాలి బాగా ఆడుతుంది గానీ హౌలర్ కోతులు తెల్లవారుజామున మొదలుపెట్టే గర్జన నేరుగా చెవిలో పడుతుంది. జాలీ చిరిగితే ఆ రాత్రి నిద్ర లేనట్టే. మంచం మీద దోమతెర ఉందా, సీలింగ్ ఫ్యాన్ ఉందా అని అడగండి. ఏసీ ఉన్న గదికి అదనంగా చెల్లించడం తడి నెలల్లో దండగ కాదు. చల్లదనం కోసం కాదు, బట్టలు ఆరడం కోసం. ఆరుబయట దండెం మీద వేసిన టవల్ రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. వేడినీళ్లు చాలాచోట్ల షవర్ తలకే బిగించిన ఎలక్ట్రిక్ హీటర్ నుంచి వస్తాయి. కుళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు గోరువెచ్చగా కూడా రావు. ధార సన్నగా ఉంచితేనే వేడెక్కుతాయి. తడిచేత్తో ఆ షవర్ తలను సర్దబోవద్దు. కరెంటు 120 వోల్టులు, అమెరికా ప్లగ్గులే. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు అడాప్టర్ తెచ్చుకోవాలి. చెప్పిన ధరలో 13 శాతం పన్ను కలిసి ఉందో లేదో మెసేజ్‌లోనే రాయించుకోండి.

రోడ్డు దాదాపు చదును, అందుకే ఇక్కడ అందరి వాహనం సైకిల్. అద్దెకిచ్చేవి ఎక్కువగా గేర్లు లేని బీచ్ సైకిళ్లు. హ్యాండిల్‌కి బ్రేకులుండవు, పెడల్‌ను వెనక్కి తొక్కితే ఆగుతుంది. అలవాటు లేనివాళ్లు ముందు ఓ ఖాళీ సందులో నాలుగు చుట్లు కొట్టి చూసుకోవాలి. కంగారులో చెయ్యి బ్రేకు కోసం వెతికితే బండి ఆగదు. తీసుకునేముందు చెయిన్ వేలితో కదిపి చూడండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి లింకులు బిగుసుకుపోయి ఉంటే సగం దారిలో జారిపోతుంది. సీటు బోల్టు బిగువుగా ఉందా, టైర్లలో గాలి ఉందా, తాళంతో పాటు తాళంచెవి ఇచ్చారా చూసుకోవాలి. బీచ్ దగ్గర తాళం వేసేటప్పుడు చక్రానికి కాదు, ఫ్రేమును చెట్టుకు కలిపి వేయండి. ఏడాది పొడవునా సాయంత్రం అయిదున్నర, ఆరుకల్లా చీకటి పడిపోతుంది. రోడ్డుకు లైట్లు లేవు, పక్కన ఫుట్‌పాత్ లేదు. రాత్రిపూట ఈ రోడ్డులో దోపిడీలు కూడా జరుగుతుంటాయి. అయిదింటికి సైకిల్ వెనక్కి తిప్పేయాలి, రాత్రి భోజనానికి దూరం వెళ్తే టాక్సీ మాట్లాడుకోవాలి. తిరుగు టాక్సీ కూడా వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి, ఇక్కడ యాప్ టాక్సీలను నమ్ముకుంటే అక్కడే కూర్చోవాలి.

సముద్రంలో దిగేవాళ్లకు ఒక తేడా. పసిఫిక్ వైపు మాదిరిగా కాక, ఇక్కడ ఆటుపోట్ల టైంటేబుల్ చూడనక్కర్లేదు, నీటిమట్టంలో తేడా చాలా తక్కువ. చూడాల్సింది కెరటాల ఎత్తు, రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే ప్రవాహం). కోక్లెస్ ఈ రెండింటికీ పేరుపడ్డది. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో ఓ పట్టీ మాత్రం నున్నగా, ఇసుక కలిసిన రంగులో కనిపిస్తే అదే ప్రమాదం. ఈత తక్కువ వచ్చినవాళ్లు నిమ్మళంగా ఉందనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా ఈది పట్టీ దాటాక తిరగాలి. లైఫ్‌గార్డులు ఎర్రజెండా పెట్టిన చోట మోకాళ్లు దాటి వెళ్లొద్దు. పిల్లలకు పుంటా ఊవా మేలు, కొండకొమ్ము అడ్డుండటంతో అక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, చెట్ల నీడ ఒడ్డుదాకా ఉంటుంది. ఊరి ముందరి సాల్సా బ్రావా కెరటం ఆరితేరిన సర్ఫర్లకు మాత్రమే, కింద లోతు తక్కువ, పగడపు దిబ్బ. ఒడ్డున కూర్చుని చూడండి చాలు.

పుయెర్తో వియెహోకు 16 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న కవీటా నేషనల్ పార్కుకు ఒక పూర్తి రోజు ఇవ్వాలి. రెండు ద్వారాలున్నాయి. కవీటా ఊరి వైపు కెలీ క్రీక్ దగ్గర విరాళం ఇచ్చి లోపలికెళ్లొచ్చు, పుయెర్తో వర్గాస్ దగ్గర టికెట్ ఉంది. 1994లో ప్రభుత్వం విదేశీయుల టికెట్ ఒక్కసారిగా పెంచేస్తే, తమ పర్యాటకం దెబ్బతింటుందని ఊరివాళ్లు ఆ ద్వారాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఆ విరాళం పద్ధతి అప్పటిది. ఊరికే వెళ్లనిస్తున్నారు కదా అని వట్టి చేతులతో దాటిపోవడం మర్యాద కాదు. దారి సుమారు 8 కిలోమీటర్లు, అంతా చదునే. మధ్యలో పెరెసోసో అనే చిన్న ఏరు దాటాలి, వాన పడితే తొడలదాకా నీళ్లు. ఊరి వైపు మొదలుపెట్టి వర్గాస్ వైపు బయటికొచ్చి హైవే మీద బస్సు ఎక్కితే వచ్చిన దారినే తిరిగి నడవక్కర్లేదు. రకూన్లు, తెల్లమొహం కోతులు బ్యాగు జిప్పు తీయడంలో దిట్టలు. తిండి చెట్టు కింద పెట్టి నీళ్లలోకి దిగారంటే మిగలదు. కొమ్మలు పట్టుకుని నడవొద్దు, పసుపుపచ్చటి ఐలాష్ వైపర్ పాము ఆకుల మధ్య కదలకుండా చుట్టుకుని ఉంటుంది. ఇక్కడ స్నార్కెలింగ్‌కు లైసెన్సున్న స్థానిక గైడు తప్పనిసరి. 1991 ఏప్రిల్ 22న వచ్చిన లిమోన్ భూకంపం ఈ తీరాన్ని పైకి లేపేసింది. నీళ్లలో ఉండాల్సిన పగడాలు కొన్ని బయటపడి చచ్చిపోయాయి. గైడు చూపిస్తే ఒడ్డున ఆ రాళ్లు ఇప్పటికీ పోల్చుకోవచ్చు.

మాన్సనీయో అవతల గండోకా-మాన్సనీయో అభయారణ్యం ఉంది. బాట బురద, రబ్బరు బూట్లు లేకుండా వద్దు. గాయపడిన అడవి జంతువుల్ని కాపాడే జాగ్వార్ రెస్క్యూ సెంటర్ చూడదగ్గది, గైడుతో వెళ్లే టూర్లు ఉదయం పూటే. జంతువుల్ని తాకనివ్వరు, అదే దాని మంచితనం. స్లాత్‌ను చేతికిచ్చి ఫోటో తీయిస్తామనే చోటుకు డబ్బులివ్వకండి.

చాక్లెట్ టూర్లు రోడ్డు పొడవునా ఉన్నాయి. వీటిలో రెండు గంటలు గడిపే బదులు రోజంతా కేటాయించి బ్రిబ్రి ఆదివాసీల యోర్కీన్ గ్రామానికి వెళ్లడం మేలు. బంబూ రేవు నుంచి ఇంజను బిగించిన పొడవాటి పడవలో గంటసేపు నదిలో ఎదురెక్కాలి. స్తిబ్రావ్‌పా అనే మహిళల సంఘం దీన్ని నడుపుతుంది. 1970ల చివర్లో మొనీలియా బూజు తెగులు ఈ ప్రాంతపు కకావో (చాక్లెట్ గింజల చెట్టు) తోటల్ని తుడిచిపెట్టేసింది. ఇప్పటికీ చెట్ల మీద నల్లబడి తెల్లటి పొడి పట్టిన కాయలు కనిపిస్తాయి. అవి అదే తెగులు.

తిండి దగ్గర ఇక్కడి గొప్ప అంతా కొబ్బరిపాలలో ఉంది. జమైకా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వంట ఇది. రైస్ అండ్ బీన్స్ మన కొబ్బరిపాల అన్నానికి దగ్గరి చుట్టం. ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించి, ఆ నీళ్లు, కొబ్బరిపాలు, థైమ్ ఆకు వేసి బియ్యం ఉడకనిస్తారు. పైన ఒక పనామా మిరపకాయను తొడిమతో, కోయకుండా పెడతారు. వాసన మాత్రం దిగాలి, కారం దిగకూడదు. గరిటె తగిలి కాయ చితికిందా, కుండంతా మంటే. కారం కావాలంటే పక్కన ఊరబెట్టిన మిరపకాయల సీసా ఉంటుంది. మనవాళ్లు కూడా అర చెంచాతో మొదలుపెట్టడం మంచిది. చేపలు తినేవాళ్లు రోన్‌డోన్ వదలొద్దు. చేప, కర్రపెండలం, అరటికాయ కొబ్బరిపాలలో గంటలకొద్దీ ఉడికిన పులుసు. చాలాచోట్ల ముందురోజే చెప్పాలి. శాకాహారులు కార్నే (స్పానిష్‌లో మాంసం) వద్దంటే సరిపోదు, అది గొడ్డుమాంసం ఒక్కటే అనుకుని కోడి వేసిస్తారు. కోడి, చేప, పంది అని విడివిడిగా వద్దని చెప్పండి. బీన్స్‌లో పంది ముక్క వేసి ఉడికించారా అని కూడా అడగాలి. బిల్లులో 10 శాతం సర్వీసు ముందే కలిసి ఉంటుంది, విడిగా టిప్ ఇవ్వనక్కర్లేదు.

ఏటీఎంలు తక్కువ, వారాంతాల్లో ఖాళీ అయిపోతుంటాయి. లిమోన్ నగరంలోనే కొలోన్లు (ఇక్కడి కరెన్సీ) తీసుకుని రండి. డాలర్లు తీసుకుంటారు గానీ చిల్లర వాళ్ల రేటుకే. పెద్ద వైద్యం కావాలంటే లిమోన్‌లోని టోనీ ఫాసియో ఆసుపత్రి, గంట పైనే ప్రయాణం. డెంగీ ఉంది కాబట్టి పగలు కూడా దోమల మందు రాసుకోవాలి.

భారత పాస్‌పోర్టుకు కోస్టారికా వీసా కావాలి, కానీ గడువున్న మల్టిపుల్ ఎంట్రీ అమెరికా టూరిస్ట్ వీసా ఉంటే విడిగా అక్కర్లేదు. వేరే రకం వీసాల మీదున్నవాళ్లు టికెట్ కొనేముందే కాన్సులేట్ షరతులు చదవాలి. హెచ్1బి స్టాంపింగ్ గడువు తీరిపోయినవాళ్లు అసలు బయల్దేరొద్దు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొస్తే గడువు తీరిన వీసాతోనే అమెరికాలోకి తిరిగి రానిచ్చే వెసులుబాటు కోస్టారికాకు వర్తించదు. ఇక్కడిదాకా వచ్చాం కదా అని సరిహద్దులోని సిక్సావోలా వంతెన దాటి పనామాలోని బోకాస్ దెల్ తోరో దీవులకు వెళ్లేవాళ్లు చాలామంది. అక్కడ గడియారం గంట ముందుంటుంది, సరిహద్దు పని పొద్దున్నే ముగించుకోవాలి. అక్కణ్ణుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి, ఎందుకంటే మన ప్రభుత్వ జాబితాలో పనామా ఉంది. టీకా వేయించుకున్నాక పది రోజులకు గానీ ఆ కాగితం చెల్లదు. హైదరాబాద్‌కు తిరుగు టికెట్ ఉన్నవాళ్లు ఆ దీవుల సంగతి ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.