మిలిటరీ డిస్పోజల్ జిప్సీ: నల్లరేగడిలో తేలికే బలం

సైన్యం వాడి పక్కన పెట్టిన మారుతీ జిప్సీ ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని చూసినవాళ్లు ముందు ఇంజన్ గురించి, ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే ఏర్పాటు) గురించి అడుగుతారు. 1298 సీసీ, పదహారు వాల్వులు, 80 హార్స్‌పవర్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు ఈ బండి మీద ఇంత ఇష్టం ఏర్పడింది ఒక్క కారణంతో. దీనికి బరువు లేదు. గుడ్డ టాప్ జిప్సీ ఖాళీగా 985 కిలోలు. ఇప్పటి థార్ పదిహేడు వందల కిలోలకు పైమాటే. 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ కూడా పన్నెండు వందల కిలోల దగ్గర ఉంటుంది. నల్లరేగడిలో వ్యవసాయం చేసేవాళ్లకు ఈ తేడా విలువ తెలుస్తుంది.

మా పొలాలు పల్నాడు జిల్లాలో, సత్తెనపల్లి వైపు. పత్తి, మిరప వేస్తాం. ఎండాకాలంలో ఆ నేల చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. ఒక్క గట్టి వాన పడితే చాలు, అదే నేల జిగురైపోయి చెప్పు కూడా వదలదు. తారు రోడ్డు దిగాక చేను దాకా డొంక దారే. ట్రాక్టర్లు తిరిగి తిరిగి అందులో రెండు లోతైన గాడులు పడ్డాయి. బరువైన బండి ఆ గాడిలో దిగితే కిందికి కోసుకుంటూ పోతుంది. చివరికి ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల గుండు) బురద మీద కూర్చుంటుంది. ఆ తర్వాత నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం కదలదు. నా బండికి కింద ఎత్తు 210 మిల్లీమీటర్లే. ఆ ఎత్తు ఇవాళ చాలా బండ్లకు ఉంది. అయినా అవి దిగబడే చోట ఇది పై పొర మీదనుంచే వెళ్లిపోతుంది. నాకు తెలిసి అది బరువు తక్కువవడం వల్లే.

కొన్న సంగతి క్లుప్తంగా చెప్తాను. సైన్యం పక్కన పెట్టిన బండ్లు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో లాట్ల లెక్కన పోతాయి. ఒక్క బండి కావాలనుకునే మనలాంటివాళ్ల కంటే, పది బండ్లు కలిపి కొనే వ్యాపారులకే అక్కడ వీలు. వాళ్ల దగ్గర్నుంచి మన చేతికి వస్తాయి. ఉత్తరాదిన మండీ డబ్వాలీ ఇలాంటి జీపుల పనికి పేరుమోసిన ఊరు. నేను అంతదూరం పోలేదు, సికింద్రాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గర తీసుకున్నాను.

ధర కంటే కాగితాలే ముఖ్యం. రక్షణ శాఖ బండ్లకు రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం, ఆ సేవ నుంచి బయటికి వచ్చాక బండిని మామూలు పద్ధతిలో మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకు వాడే ఫారం 20లోనే కొత్త బండా, మాజీ సైనిక బండా, దిగుమతి బండా అని అడుగుతారు. వేలం తర్వాత సైన్యం వైపు నుంచి ఇచ్చే అసలు అమ్మకపు పత్రం లేకపోతే పని ముందుకు సాగదు. ఇంకో విషయం. సైనిక వర్క్‌షాపుల్లో ఇంజన్లు మార్చి బిగించడం మామూలే. అందుకని ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు కూడా కాగితంతో సరిచూసుకుని, ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి. నా వ్యాపారి నెలలో ఆర్‌సీ చేతికిస్తానన్నాడు. చేతికి వచ్చేసరికి ఖరీఫ్ మొత్తం గడిచిపోయింది, అడిగినప్పుడల్లా కొత్త సాకు చెప్పాడు. ఆ కోపం నాకింకా ఉంది. మిలిటరీ ఆకుపచ్చ రంగు కూడా ఉంచుకోవడానికి లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. నేను తెల్ల రంగు వేయించాను. వెనక డిఫరెన్షియల్‌కు తెల్ల పెయింటు, దాని మీద పడేలా చిన్న దీపం ఉన్నాయి. సైనిక బండ్లు రాత్రిపూట వరుసగా వెళ్లేటప్పుడు వెనక బండివాళ్లు ఆ వెలుగును చూసుకుంటూ నడుపుతారు. అది తీయించడానికి మనసొప్పలేదు.

ఇక నాకు ఈ బండి విలువ పూర్తిగా తెలిసిన రోజు సంగతి.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు గాలి కంటే వాన ఎక్కువ దెబ్బ తీసింది. మిరప కాపు మీద ఉంది. మిరప చేలో నీళ్లు నిలిస్తే ఎక్కువ టైం ఉండదు. వేరు కుళ్లడం మొదలైందంటే తోట నిలబడినట్టే కనిపిస్తుంది, నాలుగు రోజులకు వాడిపోతుంది. కాలవ తీసినా దిగువ చేను నిండి ఉండటంతో నీళ్లు పోయే దారి లేదు. మోటార్లు పెట్టి తోడి వాగులోకి వదలాల్సిందే. కరెంటు లేదు. రెండు పెట్రోల్ పంపుసెట్లు, పైపులు, పెట్రోల్ డబ్బాలు చేను దాకా చేరాలి.

ముందు మా బాబాయి కొడుకు ట్రాక్టర్ మీద బయల్దేరాడు. తూము దాటాక డొంక మలుపులో ట్రాక్టర్ వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టర్ వచ్చి, అదీ దిగబడేలా ఉంటే వెనక్కి పోయింది. అప్పుడు మా బాబాయి నా వైపు తిరిగి, "ఒరేయ్, నీ మిలిటరీ బండి తెస్తావా? పోతే పోయింది, ప్రయత్నం చేద్దాం" అన్నాడు.

టైర్లలో గాలి పదహారు పాయింట్ల దాకా దించాను. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, నేల మీద బరువు ఇంకా చెదురుతుంది. లివర్ 'ఫోర్ హై'లో (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం) వేసి, రెండో గేరులో బయల్దేరాను. ఇది కొత్తగా కొనేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. బురద అనగానే అందరూ 'ఫోర్ లో' (నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పేది) వేస్తారు. రాళ్ల గుట్ట ఎక్కడానికి అది మంచిది. నల్లరేగడిలో మాత్రం చక్రం ఒక్కచోటే బలంగా తిరిగి గొయ్యి తవ్వుతుంది. ఫోర్ హైలో, ఆగకుండా, యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టి పోవాలి. బండి అటూ ఇటూ జారుతుంది. జారనివ్వాలి. స్టీరింగ్‌తో పోరాడకూడదు.

ట్రాక్టర్ ఇరుక్కున్న మలుపులో దాని పక్కనుంచి తిప్పాల్సి వచ్చింది. ముందు చక్రాలు దాటాయి కానీ వెనక భాగం జారి గాడిలో పడింది. ఇంజన్ ఆపి దిగాను. అక్కడున్న నలుగురు మగవాళ్లు వెనక బంపర్ కింద చేతులు పెట్టి, స్ప్రింగుల మీద రెండుసార్లు ఊపి, మూడో ఊపులో గడ్డిమోపు పక్కకు పెట్టినట్టు వెనక భాగాన్ని గట్టు మీదికి జరిపారు. తాడు లేదు, జాకీ లేదు. పక్కనే రెండింతల బరువున్న యంత్రం బురదలో కూర్చుని ఉంది. చీకటి పడకముందే పంపులు చేల్లో నడిచాయి. తోటలో ఎగువ భాగం దక్కింది. దిగువ చాళ్లు దక్కలేదు, అక్కడ అప్పటికే ఆలస్యమైంది.

ఆ తర్వాత మా ఊళ్లో ఈ బండికి గౌరవం పెరిగింది. పక్క చేలవాళ్లు మందుల డబ్బాలు, కూలీల అన్నం క్యారియర్లు ఇందులోనే పంపేవాళ్లు. వెనక ఎదురెదురు బెంచీ సీట్లు ఉండటంతో మిరప కోతలప్పుడు ఆడవాళ్లను రోడ్డు దాకా తెచ్చి దించేవాణ్ని. అలా రెండు వానాకాలాలు నేను ఎవరు అడిగినా "కళ్లు మూసుకుని కొనండి" అనేవాణ్ని.

ఇప్పుడు అలా అనను. ఎందుకో చెప్తాను.

ఒక వేసవిలో గుంటూరు రోడ్డు మీద అరవై స్పీడులో వెళ్తున్నాను. పక్కన మా ఆవిడ ఉంది. ఎడమ చక్రం చిన్న గుంతలో పడి లేచింది. ఆ వెంటనే స్టీరింగ్ రెండు పక్కలకూ కొట్టుకోవడం మొదలైంది. మామూలు అదురు కాదు, చేతులు పట్టు తప్పేంత. ముందు భాగమంతా విడిపోతుందేమో అనిపించింది. గట్టిగా బ్రేకు వేస్తే పల్టీ కొడుతుందని భయం. మెల్లగా స్పీడు తగ్గించుకుంటూ ముప్పైకి వచ్చాక ఆగింది. వెనక లారీ ఉంది, అతను దూరం పాటించాడు కాబట్టి బతికాం. మెకానిక్కులు దీన్ని వాబ్లింగ్ అంటారు.

వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. తగ్గలేదు. ఒక షాపులో టైర్లు అరిగాయన్నారు, నాలుగూ మార్చాను. ఇంకొకచోట కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ అదురును అణిచే చిన్న షాక్ అబ్సార్బర్) వేశారు. దానితో కొన్ని నెలలు బాగుంది, మళ్లీ మొదలైంది. ప్రతి గుంత దగ్గరా టెన్షన్. ఇంట్లోవాళ్లు ఎక్కడం మానేశారు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. సైనిక వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన బండి నడిపి చూడను కూడా లేదు. ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. టకటక చప్పుడొచ్చింది. "సార్, ఇది టైర్ల పని కాదు, కింగ్‌పిన్ల పని" అన్నాడు. చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమయ్యే ఈ పిన్నులకు పైనొకటి, కిందొకటి చొప్పున బేరింగులు ఉంటాయి. వాటి మీద గుండ్రటి ఇనప గుల్ల, దాని చుట్టూ బురద లోపలికి రాకుండా తుడిచే రబ్బరు, ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) రింగులు ఉంటాయి. విప్పి చూపించాడు. ఫెల్టు చినిగి పోగులైంది. లోపల గ్రీజు లేదు. ఎర్రటి తుప్పు నీళ్లు, మా డొంక మట్టి కలిసి ముద్దగా ఉంది. బేరింగు రోలర్లు గుంటలు పడ్డాయి.

కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేశాక ఆయన చేసిన పనే నాకు బాగా నచ్చింది. స్ప్రింగ్ త్రాసు తగిలించి స్టీరింగ్ ఆర్మ్‌ను లాగుతూ, ఎంత బలానికి కదులుతోందో చూశాడు. పల్చటి రేకులు ఒకటి తీసి, ఒకటి పెట్టి, ఆ బిగువు సరిపోయేదాకా మళ్లీ మళ్లీ కొలిచాడు. అంతకుముందు నేను వెళ్లిన షాపుల్లో ఎవరూ ఆ త్రాసు బయటికి తీయలేదు. "డ్యాంపర్ రోగాన్ని దాచింది సార్, తగ్గించలేదు" అన్నాడాయన. ఆ తర్వాత వాబ్లింగ్ మళ్లీ రాలేదు.

కాబట్టి పైన తేలిక గురించి రాసిన ప్రతి మాటా నిజమే కానీ, దానికి ఒక ఖర్చు ఉంది. బండి తేలిక కాబట్టి ఎవరూ పోని బురదలోకి పోతాం. ఆ బురద నీళ్లే కింగ్‌పిన్లను తినేస్తాయి. సైన్యంలో అయితే వెంటనే చూసే మెకానిక్ ఉంటాడు, మన దగ్గర ఉండడు. ఇప్పుడు ప్రతి వానాకాలం అయిపోగానే ముందు చక్రాలు విప్పించి, ఫెల్టులు మార్పించి, గ్రీజు పెట్టిస్తున్నాను. 2019లో జిప్సీని మామూలు కొనుగోలుదార్లకు అమ్మడం ఆపేసినా, సామాన్లకు మాత్రం నాకు ఇంతవరకూ ఇబ్బంది రాలేదు.

హైవే మీద అదే తేలిక చిరాకు పెడుతుంది. ఏసీ బస్సు పక్కనుంచి పోతే గాలికి బండి ఒక పక్కకు జరుగుతుంది. ముందూ వెనకా పట్టీల స్ప్రింగులే కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం గంతులేస్తుంది. వంద కిలోల సరుకు వేస్తే కుదురుగా ఉంటుంది. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. రెంటచింతల ఎండలు పడే జిల్లాలో మే నెల మధ్యాహ్నం ఈ బండిలో హైదరాబాద్ పోవాలని నేను ఎవరికీ చెప్పను. లీటరుకు పది కిలోమీటర్లు వస్తే సంతోషం.

పాత బండికి ఆర్‌టీఓ ఆఫీసు ఖర్చులూ ఉంటాయి. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటితే ఇప్పుడు 10,000. డిస్పోజల్ బండి చేతికి వచ్చేసరికే వయసు మళ్లి ఉంటుంది కాబట్టి, తయారైన ఏడాది చూసుకుని లెక్క వేసుకోండి.

నా విషయంలో మూడు సంగతులు కలిసొచ్చాయి. వానొస్తే మూసుకుపోయే డొంక ఉంది, గంటన్నరలో చేరగలిగే మంచి మెకానిక్ ఉన్నాడు, ఊళ్లు తిరగడానికి ఇంట్లో ఇంకో కారు ఉంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నేను ఇంత సంతోషంగా ఉండేవాణ్ని కాదేమో. ఎర్ర చెలక, ఇసుక నేలలవాళ్లకు బరువు తగ్గడంతో ఇంత తేడా కనబడకపోవచ్చు. వాళ్లకు మామూలు బొలెరో చాలు. ఇంటికి ఒకే బండి, అందులోనే పిల్లలు, ప్రయాణాలు అనుకునేవాళ్లు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మా డొంకకు సీసీ రోడ్డు వేస్తారని పంచాయతీలో మాట నడుస్తోంది. అది నిజంగా పడితే ఈ బండి ఉంచుకోవాలా వద్దా అని మళ్లీ ఆలోచించాలి. ఈ వానాకాలానికి మాత్రం ఫెల్టులు మార్పించి సిద్ధంగా పెట్టాను.