పాత క్లిప్పర్, ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్‌లో: ఏ దారి మేలు?

మా ఊరి గుడిలో శాశ్వత పూజల రిజిస్టర్ ఒకటి ఉంది. దాత పేరు, గోత్రం, ఏ తిథినాడు ఎవరి పేరున అభిషేకం చెయ్యాలి, ఏ చిరునామాకు కార్డు వెయ్యాలి అన్నీ అందులోనే. 1990లలో ఎవరో కుర్రాడు అప్పట్లో ఇలాంటి రిజిస్టర్లకు వాడే భాష క్లిప్పర్‌లో రాసిచ్చిన ప్రోగ్రాము అది. పోయినేడు ఆఫీసు కంప్యూటర్ పాడైతే విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నారు. ప్రోగ్రాము మీద నొక్కితే, ఇది ఈ కంప్యూటర్‌లో నడవదని ఒక మెసేజ్ వచ్చి ఆగిపోయింది. కార్తీక మాసం దగ్గర పడుతోంది, కార్డులు వెయ్యాలి. గుమస్తాగారి టెన్షన్ చూసి నేనే కూర్చున్నాను. తెలిసినవాళ్ళ కొట్లలో ఇలాంటివి అంతకుముందు కొన్ని చూసి ఉన్నాను కాబట్టి, ఏ దారి ఎక్కడ పనికొస్తుందో రాస్తున్నాను.

ముందు మీ ప్రోగ్రాము ఏ కాలందో చూసుకోండి. విజువల్ ఫాక్స్‌ప్రో అయితే కంగారు లేదు. అది 32 బిట్ ప్రోగ్రాము. 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసినా, విండోస్ 11లో ఇప్పటికీ నడుస్తుంది. చిక్కంతా డాస్ (విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన వ్యవస్థ) కాలపు వాటితోనే: డీబేస్, క్లిప్పర్, 2.6 వరకు వచ్చిన డాస్ ఫాక్స్‌ప్రో. 64 బిట్ పద్ధతిలో నడిచేటప్పుడు ప్రాసెసర్ డాస్ ప్రోగ్రాములకు కావలసిన పాత వెసులుబాటు ఇవ్వదు. అందుకే 64 బిట్ విండోస్‌లో డాస్ నడిపే భాగమే పెట్టలేదు. విండోస్ 10 వరకు 32 బిట్ రకం ఉండేది కాబట్టి నెట్టుకొచ్చాం. విండోస్ 11లో ఆ రకమే లేదు.

పాత కంప్యూటర్‌నే బాగు చేయించి వాడదామనేవాళ్ళు చాలామంది. నాకిది నచ్చదు. అలాంటి మదర్‌బోర్డు, అలాంటి హార్డ్ డిస్క్ మళ్ళీ సెకండ్ హ్యాండ్‌లోనే దొరకాలి. రెండు నెలలు గడుపుకోవడానికైతే సరే.

అసలు పోటీ రెండు దారుల మధ్య. ఒకటి వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్: వర్చువల్‌బాక్స్ లాంటిది వేసి, దాని లోపల ఎక్స్‌పీ గానీ 32 బిట్ విండోస్ 10 గానీ ఎక్కించి, అందులో ప్రోగ్రాము నడపడం. రెండోది డాస్‌ను అనుకరించే చిన్న సాఫ్ట్‌వేర్: వీడాస్, డాస్‌బాక్స్-ఎక్స్ లాంటివి.

వర్చువల్ మెషీన్‌లో లోపలున్నది నిజమైన విండోసే కాబట్టి ప్రోగ్రాముకు తేడా తెలియదు. డిస్క్ మొత్తం ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది. మెషీన్ ఆపి ఆ ఫైలును బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోతుంది. కానీ ఖర్చు, శ్రమ రెండూ ఉన్నాయి. లోపలి విండోస్‌కు విడిగా లైసెన్స్ ఉండాలి. కాన్ఫిగ్.ఎన్‌టీ అనే సెట్టింగుల ఫైలులో ఒకేసారి తెరవగల ఫైళ్ళ సంఖ్య పెంచాలి, క్లిప్పర్ అయితే దాని సెట్టింగ్ కూడా పెట్టాలి. లేకపోతే నాలుగు ఇండెక్స్‌లు (రికార్డులను త్వరగా వెతకడానికి వాడే ఫైళ్ళు) తెరిచేసరికి ఎర్రర్ ఇస్తుంది. డాస్ ప్రోగ్రాము మీట నొక్కుతారేమోనని ఖాళీగా ఉన్నప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఏ పనీ చెయ్యకపోయినా ప్రాసెసర్‌లో ఒక కోర్‌ను పూర్తిగా తినేస్తుంది.

అన్నిటికంటే నాకు భయం నెట్‌వర్క్ విషయం. ఎక్స్‌పీకి ఫైల్ షేరింగ్‌లో పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతి ఒక్కటే వచ్చు. దానికోసం మిగతా కంప్యూటర్లలో కూడా ఆ పద్ధతిని తెరవాలి. 2017 మేలో వాన్నాక్రై వైరస్ పాకింది ఆ తలుపులోంచే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. కాబట్టి ఎక్స్‌పీ పెడితే ఇంటర్నెట్ తీసేసి, ఒంటరిగా ఉంచండి. ఈ మాట దగ్గర మాత్రం నేను రాజీపడను.

వీడాస్ దీనికి పూర్తిగా భిన్నం. చిన్న ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలు. విండోస్ లైసెన్స్ గొడవ లేదు. తెర కిటికీలా వస్తుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కళ్ళజోడుతో ఇబ్బంది పడే మా గుమస్తాగారికి అన్నిటికంటే నచ్చింది ఇదే. ప్రోగ్రాము ఎల్‌పీటీ 1కు (పాత ప్రింటర్ పోర్టు) పంపిన ప్రింటును విండోస్ ప్రింటర్‌కు అదే అందిస్తుంది. కొత్త కంప్యూటర్లకు వెనక ఆ పాత పోర్టు లేదు కదా, ఇది చాలా పెద్ద సౌకర్యం. అయితే ప్రింట్ దగ్గర ఒక మెలిక ఉంది. పాత ప్రోగ్రాములు అక్షరాలు చిన్నవి చెయ్యడానికి 15 నంబరు కోడ్ పంపుతాయి. అది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ భాష. చౌక లేజర్ ప్రింటర్‌కు నేరుగా పంపితే దానికి అర్థం కాదు, వరుసలు విరిగి కాగితమంతా పాడవుతుంది. యూఎస్‌బీ ఉన్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. కార్డులు, కార్బన్ కాపీలు వెయ్యాల్సిన చోట అదే కొనమంటాను.

వీడాస్ గ్రాఫిక్స్ చూపించదు, విండోస్ మీదే నడుస్తుంది. గ్రాఫులు గీసే ప్రోగ్రాము అయినా, లినక్స్ వాడుతున్నా డాస్‌బాక్స్-ఎక్స్‌కు వెళ్ళండి. పాత ఫాక్స్‌ప్రో తెరవగానే సున్నాతో భాగించామని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంటే కూడా అదే. ఆ ఎర్రర్ ప్రాసెసర్ మరీ వేగంగా ఉండటం వల్ల వస్తుంది. డాస్‌బాక్స్-ఎక్స్‌లో వేగం తగ్గించుకునే వీలుంది. మామూలు డాస్‌బాక్స్ మాత్రం ఆటలకోసం చేసింది. ఆఫీసు పనికి, ముఖ్యంగా ఇద్దరు ఒకేసారి కూర్చునే చోట, దాన్ని వాడకండి. ఒకరు రాస్తున్న రికార్డును రెండోవాళ్ళు ముట్టకుండా తాళం వెయ్యడం దానికి సరిగా రాదు. రికార్డులు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఇండెక్స్ చెడిపోతుంది, ఆ సంగతి నెలల తర్వాత గానీ బయటపడదు. వీడాస్ తాళాలు వేస్తుంది. అయినా నేను నమ్మకంమీద వదలలేదు. కౌంటర్‌లోనూ ఆఫీసులోనూ ఒకే దాత రికార్డు తెరిచి, రెండో చోట మార్చనివ్వకపోవడం కళ్ళారా చూశాకే అప్పగించాను.

అంటే గుడి లాంటి చోటికి, చిన్న కొట్టుకు నా ఓటు వీడాస్‌కే. ప్రోగ్రాము మొండికేస్తేనో, దానితోపాటు పాత విండోస్ కాలపు వేరే 16 బిట్ ప్రోగ్రాములు కూడా నడవాలంటేనో వర్చువల్ మెషీన్.

ఇక మూడో దారి. మీ దగ్గర పీఆర్‌జీ ఫైళ్ళు ఉన్నాయా? అంటే ప్రోగ్రాము రాసిన అసలు పాఠం. ఉంటే మీరు అదృష్టవంతులు. క్లిప్పర్‌లో రాసిన దాన్ని హార్బర్ అనే ఉచిత కంపైలర్‌తో మళ్ళీ తయారు చేస్తే 64 బిట్ విండోస్‌లో నేరుగా నడుస్తుంది, లినక్స్‌లోనూ నడుస్తుంది. డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్ళు అవే, క్లిప్పర్ వాడే ఎన్‌టీఎక్స్ ఇండెక్స్‌లు అవే. అప్పట్లో బయటి లైబ్రరీలు కలిపి ఉంటే వాటి పని మాత్రం మళ్ళీ రాయాలి. ఫాక్స్‌ప్రో పీఆర్‌జీలైతే అంత సులువు కాదు, దాని తెరలు, మెనూలు వేరు. గుడిలో పాత ఫ్లాపీలన్నీ వెతికించాం, పీఆర్‌జీలు దొరకలేదు. దొరికి ఉంటే మొదటి రోజే హార్బర్‌కు వెళ్ళేవాణ్ణి.

తెలుగులో ఎక్కించిన డేటా సంగతి వేరేగా చెప్పాలి. గుడి రిజిస్టర్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది కాబట్టి బతికిపోయాం. కొన్నిచోట్ల కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు పెట్టుకుని డాస్‌లోనే తెలుగు టైపు చేశారు. ఆ కార్డు కంప్యూటర్ లోపల గుచ్చేది. అది గుచ్చే స్లాటే ఇప్పటి బోర్డుల్లో లేదు. వీడాస్ పెట్టినా, వర్చువల్ మెషీన్ పెట్టినా పేర్ల స్థానంలో గీతలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. చూసి డేటా పోయిందనుకోకండి. అవి ఇస్కీ (భారతీయ లిపులకు అప్పటి ప్రామాణిక కోడ్) సంకేతాలు, లోపల భద్రంగానే ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే కోడ్ యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరుస ఇస్కీ నుంచే వచ్చింది కాబట్టి వాటిని మార్చడం సాధ్యమే. ఇక్కడ పాత ప్రోగ్రామును బతికించే ప్రయత్నం వద్దు. డీబీఎఫ్‌ను చదివి, యూనికోడ్‌లోకి మార్చి, కొత్త డేటాబేస్‌లో పెట్టించండి.

ఏ దారి పట్టినా డీబీఎఫ్ ఫైళ్ళ కాపీ ఒకటి విడిగా తీసి, లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరిచి చూడండి. నేరుగా తెరుచుకుంటాయి. మెమో ఫీల్డులుంటే డీబీటీ, ఎఫ్‌పీటీ ఫైళ్ళు కూడా పక్కనే కాపీ చెయ్యాలి. పెద్ద వివరాలన్నీ వాటిలోనే ఉంటాయి, చాలామంది మరిచిపోయేది అవే.

గుడిలో కార్డులు వీడాస్ నుంచే వేశాం, టైముకే వెళ్ళాయి. ఇప్పుడు ఆ డీబీఎఫ్‌ల నుంచి దాతల జాబితాను తెలుగు లిపిలోకి తెస్తున్నాం. గుమస్తాగారు ఒక్కో గోత్రం పైకి చదువుతుంటే నేను సరిచూస్తున్నాను. అది పూర్తయ్యేదాకా పాత ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది.