రాయగడ కొండల్లో మూడేళ్లు వాడిన జీపీఎస్ యూనిట్: నా సమీక్ష

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కన ఉన్న రాయగడ. తాతగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సోలార్ పంపులు బిగించడం, పాడైనవి బాగుచేయడం నా పని. ఈ పంపులు ఊళ్లో ఉండవు. ఊరు దాటాక పొలం గట్టునో, కొండవాగు పక్కనో ఉంటాయి. అటు కల్యాణసింగపూర్, బిస్సంకటక్, కాశీపూర్, ఇటు కొమరాడ, కురుపాం దాకా నెలకు దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాను. దారి తప్పితే నాకు పోయేది డీజిలు ఒక్కటే కాదు, అవతల రైతుకి ఒక తడి పోతుంది. అందుకే ఈ యూనిట్ గురించి తీరిగ్గా రాస్తున్నాను.

మొదట అద్దానికి అతికించుకునే ఐదంగుళాల జీపీఎస్ పెట్టె ఉండేది. ఏళ్ల తరబడి నమ్మకంగానే పనిచేసింది. కాకపోతే మ్యాపు కొత్తది వేయాలంటే కంప్యూటరుకి తగిలించాలి, పల్లె రోడ్లు అందులో సగానికి సగం ఉండేవి కావు, చివరికి బ్యాటరీ ఉబ్బిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఫోనుతోనే నడిపాను. ఎండాకాలం డ్యాష్‌బోర్డు మీద ఫోను సలసలా కాగిపోయి చార్జింగు ఆగిపోయేది. మలుపు దగ్గర మ్యాపు చూడాల్సిన సమయానికే ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. 2022 వానాకాలంలో బొలెరోకి తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ యూనిట్, అంటే స్టీరియో చోట కూర్చుని మ్యాపు, పాటలు, కెమెరా బొమ్మ చూపించే తెర, పెట్టించాను. ఫ్రేము, వెనక కెమెరా, బిగింపు కూలి అన్నీ కలిపి 14,000 రూపాయలు అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. అదే పెట్టె నాలుగు పేర్లతో అమ్ముతున్నారు, పేరు చూసి కొనాల్సిన వస్తువు కాదిది.

ముందుగా ఒక మాట. మా వైపు చాలామంది నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు. లక్ష్మీపూర్ దాటి ఘాటీలోకి దిగగానే టవరు పోతుంది, మ్యాపు తెల్లబోతుంది, జీపీఎస్ పోయిందంటారు. పోయింది జీపీఎస్ కాదు, మ్యాపు బొమ్మ. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతానికి సిమ్ కార్డుతో సంబంధం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగు మన యాంటెనాకి కనబడితే మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్క తేలుతుంది. ఆ లెక్కకి కింద పరిచే మ్యాపు ముందే యూనిట్‌లో దించి పెట్టుకుంటే నియమగిరి అడుగునైనా బాణం గుర్తు నడుస్తూనే ఉంటుంది.

నెట్ చేసే సాయం ఇంకొకటి ఉంది. ఏ ఉపగ్రహం ఏ దారిలో వెళ్తోందన్న వివరం ఫోనుకి టవరు ద్వారా చటుక్కున వచ్చేస్తుంది. టవరు లేకపోతే ఆ వివరం ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహానికి అర నిమిషం దాకా పడుతుంది, ఆకాశంలో ఉన్నవాటన్నిటి జాబితా పూర్తిగా అందాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఒక్కో ఉపగ్రహం తన దారి గురించి చెప్పిన వివరం కొన్ని గంటలే చెల్లుతుంది. కాబట్టి పొద్దున్న ఇంటి ముందు బండి స్టార్టు చేశాక, బాణం గుర్తు కుదురుకునేదాకా ఆగి బయల్దేరతాను. కొండ నీడలోకి వెళ్లాక మొదలుపెడితే పావుగంట అయినా అది తేరుకోదు.

ఇక యాంటెనా. కొన్న మొదటి నెల ఈ యూనిట్ నన్ను ఏడిపించింది. కాశీపూర్ వైపు ఒక రాత్రి, వాన జోరుగా ఉంది, నేను పై రోడ్డు మీద ఉంటే బాణం కింది రోడ్డు మీద నడుస్తోంది. హెయిర్‌పిన్ మలుపుల్లో రెండు రోడ్లూ పక్కపక్కనే ఉంటాయి కదా, అది ఎటు తిరగమంటుందో నమ్మడానికి లేదు. పాత ఫోనే నయమనిపించింది. ఉపగ్రహాలను చూపించే జీపీఎస్ టెస్ట్ అనే యాప్ వేసి చూస్తే, లెక్కలోకి వస్తున్నవి ఐదో ఆరో. అనుమానం వచ్చి బిగించిన మెకానిక్ దగ్గరికి వెళ్లి డ్యాష్‌బోర్డు విప్పించాను. యాంటెనా బిళ్ల స్టీరియో వెనకాల ఇనప పట్టీ మీద బోర్లా పడి ఉంది. “బయట పెడితే అందంగుండదని లోపల పెట్టీసినాను బాబూ” అన్నాడు. అతని తప్పు కూడా కాదనుకుంటాను, ఊళ్లో తిరిగే బండికైతే అలా కూడా నడిచిపోతుంది.

ఆ బిళ్లలో చిన్న సిరామిక్ పలక ఉంటుంది. దాని ముఖం ఆకాశం వైపు ఉండాలి, పైన ఇనుము అడ్డం ఉండకూడదు. డ్యాష్‌బోర్డు పైన ఎడమ మూలకి, అద్దం కిందికి తెచ్చి పెట్టించాను. యూనిట్‌తో వచ్చిన తీగ సరిగ్గా అక్కడికి అందింది. ఆ సాయంత్రమే చూస్తే పద్నాలుగు నుంచి పద్దెనిమిది ఉపగ్రహాలు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా యూనిట్ మారిపోయినట్టయింది. మీ బండి ముందు అద్దానికి వేడి ఆపే లోహపు పూత గానీ ఫిల్ము గానీ ఉంటే అదీ సంకేతాన్ని తగ్గిస్తుంది, బిళ్ల పెట్టే ముందు చూసుకోండి.

పద్దెనిమిది ఎందుకు కావాలి, నాలుగు చాలు కదా అని నా మేనల్లుడు అడిగాడు. మైదానంలో చాలు. ఘాటీలో ఒక పక్క కొండ సగం ఆకాశాన్ని మూసేస్తుంది, మిగిలిన సగంలో ఉన్నవాటితోనే గడపాలి. పైగా సంకేతం రాతిగోడకి తగిలి ఆలస్యంగా వస్తే ఆ మేరకు మన చోటు పక్కకి జరుగుతుంది. పై రోడ్డు బాణం కింది రోడ్డుకి దూకడం అందుకే. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, చైనా బైడూ, యూరప్ గెలీలియో ఉపగ్రహాలను కూడా అందుకునే చిప్పు ఉంటే ఆ సగం ఆకాశంలోనే సరిపడా దొరుకుతాయి. నా యూనిట్ మొదటి మూడూ అందుకుంటుంది. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ని అందుకోదు, అది నాకు లోటుగానే ఉంది. నావిక్ ఉపగ్రహాలు మన దేశం మీదుగానే ఉండేలా ఏర్పాటు చేసినవి, ఇక్కడి నుంచి చూస్తే ఆకాశంలో బాగా ఎత్తున కనబడతాయి, లోయలో ఉన్నవాడికి కావలసింది అదే. 2023 మే 29న ఎగిరిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 నుంచి, మామూలు ఫోను చిప్పులు సులువుగా అందుకునే ఎల్1 సంకేతాన్ని కూడా చేర్చారు. ఇప్పుడు కొనేవాళ్లు నావిక్ ఉందా అని, ఎల్5 అనే రెండో పౌనఃపున్యం అందుకుంటుందా అని తప్పకుండా అడగండి. రెండు పౌనఃపున్యాలుంటే రాతిగోడ మీంచి తిరిగొచ్చిన సంకేతాన్ని వేరు చేయడం చిప్పుకి తేలిక.

మ్యాపు సంగతికి వస్తే, సరిహద్దులో అసలు చిక్కు పేర్లతోనే. జైపూర్ అని కొడితే ముందు రాజస్థాన్ వస్తుంది, మన కొరాపుట్ జిల్లా జయపురానికి ఇంగ్లీషు అక్షరాలు వేరు. మా రాయగడ సంగతే చూడండి. గజపతి జిల్లాలో ఇంకో రాయగడ బ్లాకు ఉంది, మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్. భువనేశ్వర్ నుంచి నాకు ప్యానెళ్లు తెచ్చిన వ్యాను డ్రైవరు గజపతి జిల్లా రాయగడకి పోయి, అక్కడి నుంచి ఫోన్ చేసి మీ కొట్టు ఎక్కడ అని అడిగాడు. పద్మపూర్ మా జిల్లాలోనూ ఉంది, బర్‌గఢ్ జిల్లాలోనూ ఉంది. ఒడిశా, ఆంధ్ర రెండూ మాదంటే మాదనే కొఠియా పంచాయతీలోనైతే ఒకే ఊరికి రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లు. ఒడిశా కాగితాల్లో ఫట్టుసినేరి, ఆంధ్ర కాగితాల్లో పట్టుచెన్నూరు. కొండల మీదికి పోతే కువి భాషలో ఊరి పేరు ఇంకోటి. రైతు ఫోనులో చెప్పే పేరు మ్యాపులో దొరకాలని ఆశపడటం అనవసరం.

దీనికి నాకు దొరికిన దారి, ఊరి పేరుని వదిలేసి అంకెలను పట్టుకోవడం. పంపు బిగించిన రోజే అక్కడ నిలబడి అక్షాంశ రేఖాంశాలు దాచుకుంటాను. దశాంశంలో ఐదో స్థానం దాకా రాస్తే తేడా మీటరుకి అటూ ఇటూ. తారు రోడ్డు వదిలి మట్టి దారిలోకి దిగే చోటుని కూడా విడిగా దాస్తాను, చీకట్లో ఎక్కువగా తప్పేది అక్కడే. ఒక్క జాగ్రత్త. ఒకసారి నాకొచ్చిన కాగితంలో 19 డిగ్రీల 10 నిమిషాల 30 సెకన్లు అని ఉంది. నేను 19.1030 అని కొట్టేశాను. అసలైతే అది 19.175. ఎనిమిది కిలోమీటర్లు దక్షిణానికి పోయి, మామిడి తోటలో ఆగాను. డిగ్రీ నిమిషాల లెక్కకీ దశాంశానికీ తేడా చూసుకోకుండా వేలు పెట్టకండి.

యాప్‌ల విషయంలో ఒకటే పెట్టుకుంటే కుదరలేదు. విశాఖ, విజయనగరం, సాలూరు వైపు వెళ్తే గూగుల్ మ్యాప్సే. ట్రాఫిక్ చెబుతుంది, తెలుగులో దారి చెబుతుంది. ప్రాంతం ముందే దించుకుంటే నెట్ లేకున్నా కారు దారి చూపిస్తుంది, కాకపోతే ట్రాఫిక్ ఉండదు, దించిన మ్యాపుని అప్పుడప్పుడు కొత్తగా మార్చుకోవాలి. కొండల్లోకి వెళ్తే ఓస్మ్‌అండ్ అనే యాప్. ఇది జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది, మ్యాపంతా యూనిట్‌లోనే ఉంటుంది, మట్టి రోడ్లు వద్దు అని ముందే చెప్పుకోవచ్చు. వానాకాలంలో ఆ ఒక్క సెట్టింగు నన్ను చాలాసార్లు బురదలోంచి కాపాడింది. ముఖ్యంగా ఈ మ్యాపుని మనమే దిద్దవచ్చు. లేని రోడ్డు గీయవచ్చు, ఒక ఊరికి ఒడియా పేరు, తెలుగు పేరు విడివిడిగా రాయవచ్చు. మూడేళ్లలో కల్యాణసింగపూర్ వైపు నేను తిరిగిన దారులన్నీ ఆదివారాలు కూర్చుని ఎక్కించాను. తర్వాతి నెల మ్యాపు దించుకున్నప్పుడు నేను గీసిన రోడ్డు మీద బాణం నడుస్తుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఏ మ్యాపూ చెప్పలేనిది మాత్రం వాగు. 2017 జూలై వరదల్లో ఇక్కడ తేరుబలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. చప్టాలు ఏటా పోతుంటాయి. చప్టా మీద నీళ్లుంటే స్క్రీన్ మీద నీలం గీత ఎంత తిన్నగా ఉన్నా, దిగి పక్క ఊరివాళ్లని అడగాల్సిందే.

యూనిట్ గురించి మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. డబ్బా మీద రాసిన ర్యామ్‌ని నమ్మకండి, సెట్టింగుల్లో కూడా తప్పుడు అంకె చూపించేవి ఉన్నాయి. కొనే ముందు మ్యాపు తెరిచి, పాట పెట్టి, కెమెరా వేసి చూడండి, అక్కడ తెలిసిపోతుంది. 2 జీబీది ఇప్పుడు నాకు ఇరుకుగా ఉంది, ఈసారైతే 4 జీబీ తీసుకుంటాను. పసుపు తీగ బ్యాటరీకి నేరుగా, ఎర్ర తీగ తాళం తిప్పితే కరెంటు వచ్చేదానికి తగిలించాలి. రెండూ తాళం వైపే కలిపేస్తే తాళం తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు పోతాయి. సరిగ్గా తగిలించినా బండి పది రోజులు కదలకుండా ఉంటే బ్యాటరీ లాగేస్తుంది, నాకు దసరా సెలవుల్లో ఒకసారి అయింది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఎండలో నిలిపిన బండిలో మొదటి పది నిమిషాలు స్క్రీన్ మందకొడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ సూటిగా పడితే బొమ్మ కనబడదు. పైన చిన్న గొడుగులా ప్లాస్టిక్ రేకు పెట్టుకున్నాను. మూడేళ్లలో మరమ్మతు ఒక్కసారే, కెమెరా తీగ ఎలుక కొరికింది.

అందరూ కొనాలా అంటే, అక్కర్లేదు. రాయగడ నుంచి పార్వతీపురం, బరంపురం నుంచి విశాఖ అని రోడ్డు పట్టుకుని వెళ్లొచ్చేవాళ్లకి ఫోను, గట్టి స్టాండు చాలు. దారి చూసుకోవడానికి ఫోనుని వాడుకోవచ్చని 2020 అక్టోబర్ 1 నుంచి మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, డ్రైవింగు మీద దృష్టి చెదరకూడదన్న షరతుతో. నాలాగా టవరు లేనిచోట పనున్నవాళ్లు, మందుల సరఫరా వాళ్లు, విత్తనాల వాళ్లు, అంబులెన్సు నడిపేవాళ్లు మాత్రం బయట యాంటెనా ఉన్న యూనిట్ కొనండి. ఫిటింగు అయ్యాక దుకాణం ముందే ఉపగ్రహాల లెక్క చూసి, తర్వాతే డబ్బు ఇవ్వండి.

నా దగ్గర ఇప్పటికి 212 చోట్లు దాచి ఉన్నాయి. యూనిట్ పాడైనా పోకుండా ఈ చోట్ల వివరాలు దాచే జీపీఎక్స్ ఫైలుగా ఫోనులోనూ, ఇంట్లో పెన్‌డ్రైవులోనూ పెట్టుకున్నాను. మొన్న నాకు జ్వరమొస్తే ఆ ఫైలు మేనల్లుడి ఫోనులో వేసి మా జిల్లాలోని చంద్రపూర్ అవతల ఒక పంపు దగ్గరికి పంపాను. వాడు అటువైపు ఎప్పుడూ వెళ్లలేదు. ఫోను కలవలేదు, సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చున్నాను. చీకటి పడ్డాక టవరు ఉన్నచోటికి వచ్చి చేశాడు. “మావయ్యా, తిన్నగా పంపు కాడికే ఎలిపోనాను. దార్లో ఎవుళ్నీ అడగనేదు. నీళ్లొస్తన్నాయి.”