టాంజానియా కాంట్రాక్టుల వర్క్‌షాప్: 4,720 రూపాయలకి గిట్టుబాటు అయ్యిందా?

పోయిన నెల బేగంపేటలో ఒక హోటల్ హాల్లో ఒక్కరోజు వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. టాంజానియాలో రోడ్లు, బిల్డింగులు, నీళ్ల పైపులైన్ల పనులు ఎలా ఉన్నాయి, మన కాంట్రాక్టర్లకి ఏం దొరుకుతుంది అన్నది విషయం. ఫీజు 4,000, జీఎస్టీతో 4,720. పెట్టినవాళ్ల పేరు రాయను, నాకు వాళ్లతో గొడవ వద్దు. ఇలాంటివి ఈ మధ్య ఊళ్లో చాలా జరుగుతున్నాయి కాబట్టి వెళ్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు నా సంగతి. నిజాంపేట, ప్రగతినగర్ వైపు అపార్ట్‌మెంట్లకి స్ట్రక్చర్ వర్క్ చేస్తాను. రెండు మిక్సర్లు, ఒక లిఫ్ట్, సెంట్రింగ్ సామాను, ముప్పై మంది లేబర్. ఫ్లాట్లు అమ్ముడుపోక బిల్డర్లు పేమెంట్లు లాగుతున్నారు. "బావా, ఇక్కడ ఎన్నాళ్లని, ఆఫ్రికా చూద్దాం" అని మా బామ్మర్ది రెండు నెలలుగా చెవిలో పోరు. సరే అని మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఇద్దరం తొమ్మిదిన్నరకల్లా చేరాం. కార్యక్రమం మొదలయ్యేసరికి పదకొండు.

పొద్దున భాగం అంతా స్క్రీన్ మీద బొమ్మలే. దారుస్సలాం నుంచి డొడోమాకి 2024లో మొదలైన కరెంటు రైలు, రుఫిజి నది మీద 2,115 మెగావాట్ల జూలియస్ న్యెరెరె డ్యామ్. చూడ్డానికి కళ్లు చెదిరిపోయాయి, కాదనను. కానీ ఆ రైలు పని చేసింది టర్కీ కంపెనీ. ఆ డ్యామ్ కట్టింది ఈజిప్టువాళ్లు. ముప్పై మంది లేబర్ ఉన్నవాడికి అందులో ఏముంది అని నేను చెయ్యెత్తి అడిగితే, "చాలా మంచి ప్రశ్న సార్, మధ్యాహ్నం సెషన్‌లో కవర్ చేస్తాం" అన్నాడు కోటు వేసుకున్న కుర్రాడు. భోజనానికి ముందే ఇంకో కాగితం పంచారు: ఏడు రోజుల టూర్, మనిషికి లక్షా ఎనభై అయిదు వేలు. అప్పుడు అర్థమైంది, మేం కట్టిన 4,720 ఆ కాగితం చూడటానికి టికెట్ అని. "వన్ టు వన్ మీటింగులు" అని ప్రకటనలో రాశారు కదా అంటే వాట్సాప్ గ్రూపులో చేర్చారు. వెజ్ బిర్యానీ పేరుతో పులావ్ పెట్టారు.

బామ్మర్ది వెళ్లిపోదామన్నాడు. వెళ్లనందుకే ఈ రివ్యూ రాయగలుగుతున్నా.

మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్దాయన వచ్చాడు. క్వాంటిటీ సర్వేయర్‌గా (పని కొలతలు, ఖర్చు లెక్కలు చూసే ఉద్యోగం) పదకొండేళ్లు దారుస్సలాంలో చేసి, రిటైరై అల్వాల్‌లో ఉంటున్నాడట. ల్యాప్‌టాప్ లేదు, చేతిలో ఒక పాత డైరీ. మొదటి మాటే "అక్కడ చిన్న సర్కారు పనులు లోకల్ వాళ్లకే. మీరు పోయి టెండర్ వేస్తానంటే కుదరదు" అన్నాడు. బయటి కంపెనీ ఏదైనా సరే, అక్కడి కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషన్ బోర్డులో నమోదు కావాల్సిందేనట. మరి మనకి దారి ఏంటంటే, మన కేంద్ర ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు వేరే దేశాలకి ఇచ్చే అప్పుతో నడిచే పనులు. టాంజానియా ఊళ్లకి తాగునీటి పథకాల కోసం 2018లో 50 కోట్ల డాలర్ల అప్పుకి ఒప్పందం జరిగింది. ఇలాంటి అప్పుల్లో సరుకు, సేవలు కలిపి సాధారణంగా 75 శాతం ఇండియా నుంచే కొనాలన్న షరతు ఉంటుంది కాబట్టి మెయిన్ కాంట్రాక్టు మన పెద్ద కంపెనీలకే వస్తుంది. వాళ్ల కింద సబ్ కాంట్రాక్టుగా పైపు లేయింగో, ట్యాంకు షట్టరింగో పట్టుకోవాలి. "అందుకు దారుస్సలాం దాకా పోనక్కర్లేదు తమ్మీ, వాళ్ల ఆఫీసులు చాలావరకు మన దేశంలోనే ఉన్నాయి" అన్నాడు నా వైపు చూసి. మంగోలియాలో మన దేశం అప్పుతోనే కడుతున్న రిఫైనరీ పని మన హైదరాబాద్ మేఘా కంపెనీదే అని కూడా గుర్తుచేశాడు. కోటు కుర్రాడి మొహం చూడాలి.

తర్వాత డబ్బు లెక్క. పెద్ద పనుల్లో ఫిడిక్ కాంట్రాక్టు (చాలా దేశాల్లో వాడే రెడీమేడ్ కాంట్రాక్టు నమూనా) వాడితే, నెల పని చేసి బిల్లు పెట్టాక ఇంజనీర్ చేతికి అందిన రోజు నుంచి 56 రోజుల్లో డబ్బు రావాలి. ఫిడిక్ వాళ్ల 1999 నమూనా, రెడ్ బుక్ అంటారు, అందులో అదే ఉందట. 56 రోజులంటే ఎనిమిది వారాలు, దానికి ముందు పని చేసిన నెల ఒకటి. నేను అక్కడే టూర్ కాగితం వెనక లెక్క వేశాను. నా లేబర్‌కి వారం పేమెంట్ లక్షన్నర. పన్నెండు వారాలకి 18 లక్షలు, అదీ అన్నీ టైమ్‌కి జరిగితే. పైగా మెయిన్ కంపెనీకి వచ్చాకే కదా సబ్ కాంట్రాక్టర్‌కి వచ్చేది. ఆ కాగితం బామ్మర్ది ముందుకి తోశాను. వాడు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

నాకు బాగా నచ్చింది చివరి అరగంట. అక్కడ కంకరని కొకోటో అంటారట, ఇసుకని మ్చంగా, స్టీల్ కడ్డీని నొండో, మేస్త్రిని ఫుండి. "ఈ నాలుగూ రాకపోతే మొదటి రోజే మోసపోతారు." సిమెంట్ బస్తా మీద బలం గ్రేడు మనలా 43, 53 అని కాక 32.5, 42.5 అని ఉంటుంది, స్లాబుకి 32.5 తెచ్చి పోయొద్దన్నాడు. స్టీల్ తూకం మీద కాక కడ్డీల లెక్కన అమ్ముతారు కాబట్టి ఒక కడ్డీ తూచి చూసుకోమన్నాడు. డి స్క్వేర్ బై 162 (కడ్డీ మందం ఎంఎంలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది), మన కాంట్రాక్టర్లందరికీ నోటికొచ్చిందే. 12 ఎంఎం కడ్డీ మీటరుకి 0.889 కిలో, 12 మీటర్ల కడ్డీ పది కిలోల ఆరు వందల పైన తూగాలి. తొమ్మిదిన్నర తూగితే ప్రతి కడ్డీకీ కిలోకి పైగా డబ్బు పోయినట్టే. మన దగ్గర తూకం మీద కొంటాం కాబట్టి డబ్బు పోదు, స్లాబు బలం పోతుంది అని ఆయనే నవ్వాడు. మర్నాడు నా సైటులో దిగిన లోడులోంచి ఒక కడ్డీ తీసి తూయించాను. పది కిలోల నాలుగు వందలు. 12 ఎంఎంకి అయిదు శాతం వరకు తేడా ఒప్పుకుంటారు కాబట్టి పర్వాలేదు, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ తూయించలేదని సిగ్గేసింది.

అయిదుకి రెండున్నర ఇస్తున్నా. ఆ రెండున్నరా పెద్దాయనకే. వచ్చే బ్యాచ్‌కి ఫీజు పెంచుతారట. వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి ఆయన వస్తున్నాడా లేదా కనుక్కోండి. వస్తుంటే ఇంట్లో భోంచేసి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. పొద్దున వెళ్తే నాకు చెప్పిన "చాలా మంచి ప్రశ్న సార్" మీకూ చెప్తారు.